వంటింటి గోడ దాటిన బండ

మా ఇంటికి గ్యాసు వచ్చిన రోజు అమ్మ మొహంలో సంతోషం కంటే కంగారే ఎక్కువ కనిపించింది. ఎనభైలు మొదలైన కొత్త రోజులవి. హన్మకొండలో మా వాడలో గ్యాసు పొయ్యి ఉన్న ఇండ్లు బహు తక్కువ. ఎప్పుడో పేరు రాయించి మేమే మరిచిపోయాక కనెక్షన్ వచ్చింది. రిక్షాలోంచి సిలిండర్ దిగుతుంటే వాడంతా వచ్చి చూసింది. బిగించడానికి వచ్చినాయన మా వంటింట్లోకి తల వంచి తొంగిచూశాడు.

"కింద కూసోని వండుడు దీంతోని కాదమ్మా. సిలిండర్ కంటే పొయ్యి ఎత్తు మీద ఉండాలె. ముందు గట్టు కట్టించుకోండ్రి, తర్వాత నన్ను పిలువుండ్రి," అని సిలిండర్‌ను మూలకు నిలబెట్టి వెళ్ళిపోయాడు.

మా ఇల్లు రైలు పెట్టెల్లా ఒకదాని వెనుక ఒక అర్రగా ఉండేది. అన్నిటికంటే వెనకది వంటిల్లు. దానికి కిటికీ లేదు. పెంకుల మధ్య ఒక గాజు పెంకు ఉండేది కానీ పొగకు నల్లబడి అదీ పెంకులాగే అయింది. అమ్మ పీట మీద కూర్చుని, గొట్టంతో పొయ్యి ఊదుతూ, కొంగుతో కండ్లు తుడుచుకుంటూ వండేది. లోపలికి పోతే ముందు దగ్గు వినిపించేది, తర్వాత మనిషి కనిపించేది.

నాయిన హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. గట్టు కట్టాలనేసరికి ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. చార్టు కాగితం పరిచి, స్కేలు పెట్టి, మా వంటింటిని పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి గీశాడు. గట్టుకు బూడిద రంగు, అరలకు ఆకుపచ్చ రంగు వేశాడు. పొయ్యి మీద గిన్నె, గిన్నె మీద ఆవిరి కూడా గీశాడు. సాయంత్రం అందర్నీ పిలిచి చూపించాడు.

నాయినమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "నిలవడి వండుడేందిరా? పెండ్లి బువ్వ వండినట్టు! ఇంట్ల వంట కూసోనే వండాలె," అంది.

"కాలం మారింది అవ్వా," అన్నాడు నాయిన.

"కాలం మారితే కాళ్ళు మారుతయా? నా మోకాళ్ళు గవే ఉన్నయి గదా."

అమ్మ మాత్రం చాలాసేపు బొమ్మనే చూసింది. అప్పట్లో అమ్మ నాయినతో నేరుగా మాట్లాడేది తక్కువ. ఏదైనా అడగాలంటే పక్కన నన్ను పెట్టుకునేది. నేను ఇంటర్ చదువుతున్నాను, ఈ రాయబారం నాకు అలవాటే.

"మీ నాయిన బొమ్మ మంచిగ ఏసిండు. కిటికీ యాడ పెడ్తడో అడుగు," అంది.

నేను అడిగేలోపే నాయిన, "గ్యాసుకు పొగ రాదు. పొగ లేనప్పుడు కిటికీ ఎందుకు?" అన్నాడు. "అయినా అటు పక్క ఏమున్నది? మన సందు, దాని అవతల పక్కింటోళ్ళ వాకిలి. ఏం చూస్తవు?"

గట్టు మీద పరిచే రాతి బండ కొనడానికి పోయేటప్పుడు అమ్మ, "నేను గూడ వస్తా," అంది. నాయిన ఆశ్చర్యపోయాడు. అమ్మ బజారుకు పోవడమంటే చీరలకో గాజులకో, అదీ పండుగ ముందర. అయినా కాదనలేదు. ముగ్గురం ఒకే రిక్షాలో ఇరుక్కుని, కాజీపేట పోయే తొవ్వలో బండలమ్మే జాగకు పోయాం.

అక్కడ బండలన్నీ గోడకు ఆనించి వరుసగా నిలబెట్టి ఉన్నాయి. దుకాణమాయన షాబాద్ బండ చూపించాడు, కడప బండ చూపించాడు. నాయిన వేలితో కొట్టి చప్పుడు వింటున్నాడు, దూరం జరిగి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. అమ్మ తన చేతిసంచిలోంచి ఒక పొట్లం, ఒక నిమ్మకాయ తీసింది. పొట్లంలో పసుపు ఉంది.

"ఏందమ్మా, బండకు పూజ చేస్తవా?" అని దుకాణమాయన నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఒక్కో బండ మీద చిటికెడు పసుపు తడిపి రుద్దింది, పక్కనే నిమ్మరసం పిండింది. తర్వాత ఒక దిమ్మె మీద, బస్సు కోసం ఎదురుచూసినట్టు నింపాదిగా కూర్చుంది. కాసేపటికి లేచి పైటచెంగుతో అన్నీ తుడిచింది. షాబాద్ బండ మీద పసుపు పోలేదు. నల్లటి కడప బండ మీద నిమ్మరసం పడ్డచోట తెల్లటి మచ్చ తేలింది. చివర్న, ఎవరో చెప్పి చేయించుకుని తీసుకుపోని, బూడిద రంగు గ్రానైట్ బండ ఒకటి ఉంది. దాని మీద ఏ మచ్చా లేదు. ఎప్పట్నుంచో అడ్డంగా పడి ఉండడంతో ధర కూడా మాకు అందేటట్టే ఉంది.

"ఇది," అంది అమ్మ.

నాయిన టేపు పెట్టి కొలిచాడు. "ఇది మన గోడ కంటే పొడుగుంటది. మూరెడు ఎక్కువొస్తది."

"కోసుడు సంగతి ఇంటికాడ చూస్కోవచ్చు," అంది అమ్మ. నాకు బాగా గుర్తు, ఆ మాట నాతో కాదు, నేరుగా నాయినతోనే అంది. ఆయన కూడా కొంచెం తడబడి, "సరే మరి," అన్నాడు.

వంటిల్లు ఖాళీ చేసి పని మొదలుపెట్టారు. వంట ముందు వసారాలోకి, కిరసనాయిలు స్టవ్వు మీదికి వచ్చింది. దారిన పోయేవాళ్ళందరికీ మేము ఏం తింటున్నామో తెలిసిపోయేది. పిన్నిని పిలిచినట్టు మేము 'ఖాలా' అని పిలిచే పక్కింటామె మా అవస్థ చూసి, చిన్న ప్రహరీ గోడ మీంచి రోజుకొక గిన్నె అందించేది. ఒకరోజు ఖట్టీ దాల్, ఒకరోజు బగారన్నం. నాయినమ్మకు ఆ పప్పు ఎంత నచ్చిందంటే, "మేస్త్రిని జర నిమ్మళంగ కట్టమను," అని నాకు చెప్పింది.

గట్టు కింది ఇటుకల గోడలు లేస్తుంటే మేస్త్రి అడిగాడు, "సారూ, గట్టు ఎంత ఎత్తు పెట్టాలె?"

నాయిన తన నడుం మీద చెయ్యి పెట్టి, "ఇంత," అన్నాడు. నాయిన పొడగరి. అమ్మ ఆయన భుజం దాకా కూడా రాదు.

"గంత ఎత్తయితే మీ నాయిననే వండమను," అంది అమ్మ నాతో. మేస్త్రి నవ్వాపుకోలేక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నాయిన అమ్మను గోడ పక్కన నిలబెట్టి, గరిటె తిప్పుతున్నట్టు చెయ్యి పెట్టమని, అక్కడ పెన్సిల్‌తో తానే గీత గీశాడు. చార్టులో కూడా దిద్దుకున్నాడు.

బండ వచ్చిన రోజు అసలు సంగతి బయటపడింది. తలుపులు ఎదురెదురుగా లేని అర్రల్లోంచి తిప్పుకుంటూ అంత పొడుగు బండను వెనక్కి తేవడం జరగని పని. రాళ్ళు కోసే ఆయన వచ్చి బండ చుట్టూ తిరిగి, "ఉలితోని కొట్టి తెంపాలె. నీటుగ తెగొచ్చు, నడుమ పగులొచ్చు. నేనైతే గ్యారంటీ ఇయ్య," అన్నాడు.

అందరం నాయిన దిక్కు చూశాం. నాయిన చార్టు దిక్కు చూశాడు. అప్పుడు అమ్మ కొంగు నడుంలో దోపుకుని ముందుకొచ్చింది.

"బండను ముట్టొద్దు. గోడ పగులగొట్టుండ్రి. ఇటుక పోతే ఇటుక దొరుకుతది, గసొంటి బండ దొరుకది."

"గోడ పగులగొట్టి?" అన్నాడు నాయిన.

"పక్కింటోళ్ళ వాకిట్లకెల్లి తిన్నగ లోపటికి తోయాలె."

ఆ లెక్క ఆమె ఎప్పుడు వేసుకుందో తెలియదు గానీ, నిజంగానే అదొక్కటే తొవ్వ; సందు ఇరుకు, అందులో బండ తిరగదు. ఖాలాను అడిగితే, "అరె చెల్లే, గింత దానికి అడుగుడేంది! ఫికర్ చెయ్యకు," అని తన వాకిట్లో ఆరేసిన బట్టలన్నీ తీసేసింది. ఖాలా భర్త, ఆయన తమ్ముళ్ళు, మేస్త్రి మనుషులు, మా నాయిన, అందరూ కలిసి బండను లేపారు. "పైలం! పైలం! జర మీదికి! మీ దిక్కు దించకుండ్రి!" అని ఎవరికి వారే హుకుం ఇస్తున్నారు. బండ చిన్న గోడ మీదుగా వచ్చి, సందు దాటి, పగులగొట్టిన కంతలోంచి మెల్లగా మా వంటింట్లోకి దూరింది. లోపలున్న నేను దాని ముక్కు ముందుకొస్తుంటే స్టేషన్‌లోకి ఇంజన్ వస్తున్నట్టు వెనక్కి వెనక్కి జరిగాను. ఇటుకల గోడల మీద అది సర్దుకుని కూర్చున్నాక అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇటు గోడను తాకింది. అటు మూరెడు బండ బయటికి, సందులోకి పొడుచుకుని నిలబడింది.

మేస్త్రి తాపీ అందుకున్నాడు. "ఇగ కంత మూసేద్దామా సారూ?"

"మూయకు," అంది అమ్మ. "ఇంకింత పెద్దగ చెయ్యి. చౌకట్టు పెట్టి కిటికీ చెయ్యి."

"ప్లాన్ల కిటికీ లేదు గదా," అన్నాడు నాయిన నీరసంగా.

"ఇప్పుడు గీయుండ్రి," అంది అమ్మ.

చిన్న గోడ అవతల నుంచి ఖాలా, "గీయుండ్రి భాయ్, గీయుండ్రి! రోజూ ఈ గోడ కాడ నిలవడి ఒర్లుడు తప్పుతది," అని అరిచింది. బండ మోసిన వాళ్ళంతా నవ్వారు. నాయిన చేతులకంటిన దుమ్ము దులుపుకుని, జేబులోంచి పెన్సిల్ తీసి, గోడ మీదనే చౌకట్టు ఎంతుండాలో గీసిచ్చాడు. నేరుగా గీత గీయడం మొదలుపెట్టాక ఆయన మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

పాలు పొంగించిన రోజు నాయినమ్మ పట్టు పట్టింది. "మొదటి పొయ్యి నేనే ముట్టిస్త. కానీ నిలవడ." మరి ఎట్లా అని మేము మొహాలు చూసుకుంటుండగా, ఆమె పీట వేయించుకుని, నా భుజం పట్టుకుని, గ్రానైట్ గట్టు మీదికెక్కి పొయ్యి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పాలు పొంగేదాకా దిగలేదు. "బండ సల్లగున్నది. ఎండకాలం ఈడనే పండుకుంట," అంది. తర్వాత కూడా చాలాకాలం కూరగాయలు కోయాలంటే ఆమె అక్కడికే ఎక్కి కూర్చునేది.

అమ్మకు నిలబడి వండడం వెంటనే పట్టుబడలేదు. మొదట్లో కాళ్ళు గుంజేవి. పప్పు గిన్నె దించి, అలవాటున కింద పెట్టి, తానూ కింద కూర్చునేది. కానీ కిటికీకి మాత్రం మొదటి రోజు నుంచే అలవాటు పడిపోయింది. పొద్దున్నే ఎండ ఆ బండ మీద పడేది. అమ్మ, ఖాలా అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ముందు అర్రలో చదువుకుంటున్న నాకు అమ్మ నవ్వు వినిపించేది. అంత గట్టిగా నవ్వుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పాత వంటింట్లో నవ్వడానికి మనిషెవరున్నారు, దగ్గడానికే సరిపోయేది. ఒకరోజు నాయిన పేపర్ చదువుతూ ఆ నవ్వు విని తలెత్తాడు. కాసేపు అట్లాగే విన్నాడు. మళ్ళీ పేపర్‌లోకి తల దించాడు.

కొన్నాళ్ళకు నాయిన కూడా సందులోకి కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టాడు. బయటికొచ్చిన ఆ మూరెడు బండ ఆయన చాయ్ గ్లాసుకు, బడిపిల్లల డ్రాయింగు కాగితాలకు సరిగ్గా సరిపోయింది. లోపలి నుంచి అమ్మ గ్లాసు తోస్తే అది ఆయన ముందుకు వచ్చేది. ఇప్పుడు వాళ్ళకు నా రాయబారం అక్కరలేదు. "చక్కెర తక్కువైంది," అని ఆయన, "ఉన్నదే గంత," అని ఆమె, కిటికీలోంచి నేరుగానే తగువులాడుకునేవాళ్ళు.

ఒక ఆదివారం పొద్దున నాయిన గ్లాసు బండ మీద పెట్టి, పేపర్ తేవడానికి లోపలికి పోయాడు. సందు ముందర గేటు తీసి ఉంది. వాడకు కొత్తవాడు, చేతిలో గొడుగు ఉన్న పెద్దమనిషి ఒకాయన అటు పోతూ ఆగి, ఆ గ్లాసును, కుర్చీని, కిటికీలో అమ్మను చూశాడు. తిన్నగా వచ్చి నాయిన కుర్చీలో కూర్చున్నాడు.

"అమ్మా, ఒక చాయ్. జర గట్టిగ."

అమ్మ ఒక్క క్షణం ఆయన్ను చూసింది. తర్వాత గిన్నె పొయ్యి మీద పెట్టి, అల్లం దంచి వేసి, చాయ్ పోసి బండ మీద తోసింది. ఆయన ఊదుకుంటూ తాగాడు. పేపర్‌తో తిరిగొచ్చిన నాయిన, తన కుర్చీలో మనిషిని చూసి సందులోనే నిలబడిపోయాడు.

"మంచి చాయ్," అని లేచాడు ఆయన, జేబులో చెయ్యి పెడుతూ. "ఎప్పుడు పెట్టిండ్రు హోటల్?"

గోడ అవతల ఖాలా అప్పటికే నవ్వలేక గోడ పట్టుకుని వంగిపోయింది. అది ఇల్లని తెలిసి ఆ పెద్దమనిషి సిగ్గుతో చేతులు జోడించబోయాడు. అమ్మ, "కూసోండ్రి, ఫరవాలేదు. ఈయనకు గూడ ఇప్పుడే పోస్తాన," అని ఇంకో గ్లాసు తీసింది. నాయిన వసారాలోంచి ఇంకో కుర్చీ మోసుకొచ్చాడు.