మెట్రోలో సీటిచ్చిన పెద్దాయన

మండీ హౌస్ దగ్గరి గ్యాలరీలో నేను గీసిన బొమ్మల ప్రదర్శన మొదలయ్యే రోజు, మిగిలిన ఒక్క బొమ్మనూ పట్టుకుని మెట్రో ఎక్కాను. రద్దీలో పైన చుట్టిన కాగితం చిరిగి, బొమ్మలో వేసిన గులాబీ రంగు సబ్బుపెట్టె బయటికి కనిపించింది. ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే నా తెలుగు విన్నారేమో, ఎదుటి సీట్లోని పెద్దాయన పలకరించారు.

"సబ్బుపెట్టెలూ, సినిమా పోస్టర్లూ వేసిన ఆ పాప్ ఆర్టిస్టు ప్రభావమా అమ్మా?"

"అవునంకుల్. ఆయన్ని చూసే బొమ్మలు మొదలుపెట్టాను."

"అచ్ఛా! నేనూ అంతే. కాలేజీలో నావి చూసి కాపీ అన్నారు. నిజమే కాబోలనుకుని మానేశా. సర్కారీ నౌకరీలో పడిపోయా." నవ్వారు. "నీది చాలా బాగుందమ్మా."

ఆయన లేచి, బొమ్మ నలిగిపోకుండా తన సీట్లో పెట్టమన్నారు. వద్దన్నా వినలేదు. నా స్టేషన్ వచ్చేదాకా కడ్డీ పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడ్డారు.

సాయంత్రం ఒక విమర్శకుడు ఆ బొమ్మ ముందు ఆగి, "ఆ మహా కళాకారుడికి నువ్వు అసలైన వారసురాలివి" అని మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలెత్తలేకపోయాను. కాలేజీలో ఆ పెద్దాయనకు ఈ మాట ఒక్కరు చెప్పి ఉన్నా, ఆయన మానేసేవారు కాదు.