టీవీలో మిగిలిపోయిన ప్రార్థన

మా చండ్రుగొండ చర్చి వెబ్‌సైట్ చూసుకునేది నేనే. అందులో ఎవరి కోసమైనా ప్రార్థన విన్నపం పెడితే, నెట్ మీద నడిచే ఫీడ్ ద్వారా దానంతటదే చర్చిలోని టీవీ మీదికి వస్తుంది. సంఘ పెద్ద దాన్ని గట్టిగా చదువుతారు, మేమంతా ఆమెన్ అంటాం.

యోహాను మామ పోయి నెల దాటింది. ఆయన విన్నపం వెబ్‌సైట్‌లోంచి అప్పుడే తీసేశాను. ఇవాళ ఆరాధన మధ్యలో నెట్ పోయింది. టీవీ తన దగ్గర ఎప్పుడో దాచుకున్న పాత ఫీడ్‌ని బయటపెట్టింది. "యోహాను గారి ఆరోగ్యం కోసం..." అని పెద్దాయన అలవాటుగా చదివేశారు. సగంమంది ఆమెన్ కూడా అనేశారు. మామ భార్య మార్తమ్మత్త ముందు వరసలోనే కూర్చుని ఉంది. నేను పరుగెత్తి టీవీ ఆపేశాను.

ఆరాధన అయ్యాక బయట అత్త చేతులు పట్టుకుని క్షమించమన్నాను.

"ఎందుకు బిడ్డా? ఆయన పోయినంక నా ముందట ఎవ్వరూ ఆయన పేరు ఎత్తుతలేరు. ఇయ్యాల మందిరంల అందరు ఇనంగ చదివిండ్రు," అంది. మళ్లీ తనే, "నాది గూడ ఒకటి పెట్టు. యోహాను భార్య మార్తమ్మ అని రాయి," అంది.

"దేని కోసమని రాయాలత్తా?"

"ఏదో ఒకటి రాయి. మోకాళ్ల నొప్పులని రాయి."

సాయంత్రమే పెట్టేశాను. నొప్పులు తగ్గాయంటే ఆ విన్నపం తీసేయాలి, అది మా చర్చి పద్ధతి. అందుకే అవి ఇప్పట్లో తగ్గకూడదని నాకు లోపల ఉంది. తప్పంటారా?