చ్యూలియెన్ ఒలిచిన చెట్టు

మా తోడికోడలు చ్యూలియెన్‌కి నోట్లో నాలుక లేదని ఊరంతా అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను, నా ఖర్మ! వంటింట్లో ఆవిడ మిరపకాయలు దంచే చప్పుడు వినిపించేది గానీ, ఆవిడ గొంతు వినిపించేది కాదు.

ఆ ఏడు మా మామగారు నడుం నొప్పితో రొయ్యలా వంగిపోయారు. మా జున్‌యీ కొండల్లో నడుం నొప్పికి దూజోంగ్ బెరడే మందు. ఎండబెట్టి, ఉప్పుతో వేయించి, పంది కిడ్నీలతో ఉడికించి తింటాం. వాకిట్లోనే ఇంటికప్పు దాటిన దూజోంగ్ చెట్టుంది. కానీ అది ఆయనా, మా అత్తగారూ కలిసి నాటింది. ఆవిడ పోయాక ఆయన కబుర్లన్నీ ఆ చెట్టుతోనే. బెరడు కావాలంటే చెట్టు నరకడమే మా ఊళ్లో తెలిసిన పద్ధతి.

"నడుం విరిగితే విరగనీ, దాని మీద గొడ్డలి పడనివ్వను" అని మొండికేశారు.

చ్యూలియెన్ పుట్టింటివాళ్లు బెరడు ఒలిచేవాళ్లు. "నరకక్కర్లేదు మామయ్యా. చొక్కా విప్పినట్టు విప్పుతాను. మళ్లీ కొత్తది తొడుక్కుంటుంది" అంది మెల్లగా.

"తొడుక్కోకపోతే?"

ఆవిడ మానును వేలితో తట్టి చూసింది.

"తొడుక్కోకపోతే మూటాముల్లె సర్దుకుని పుట్టింటికి పో!"

మా మరిది, అదే ఆవిడ మొగుడు, నోరు మెదిపితే ఒట్టు!

ముసురు పట్టిన రోజు చూసి చ్యూలియెన్ కత్తి పట్టింది. తెల్లటి పోగులు సాగుతుంటే బెరడు చుట్టూ ఊడివచ్చింది. లోపల మాను తడితడిగా మెరిసింది. "ఎవరూ ముట్టుకోకండి. చెయ్యి తగిలినచోట ఇక బెరడు రాదు" అని చెప్పి, చుట్టడానికి ప్లాస్టిక్ పట్టా అందుకోబోయింది.

ఈలోగా మామగారు వెళ్లి, "చలేస్తోందా తల్లీ?" అంటూ మానుకు అరచెయ్యి ఆనించేశారు.

"తియ్యండి చెయ్యి! బుద్ధుందా మామయ్యా మీకు!"

వీధిలో కోళ్లు చెదిరిపోయాయి. ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగేసింది. ఆయన లోపలికి వెళ్లి, ఆ పూట అన్నం ముట్టలేదు.

"అయిపోయిందక్కా, నా మూట నువ్వే కట్టు" అని చ్యూలియెన్ పట్టా చుడుతూ ఏడ్చింది.

"మూట సంగతి తర్వాత, ముందు ముక్కు తుడుచుకో" అన్నాను. నాకూ ఏడుపొచ్చింది మరి.

పట్టా విప్పిన రోజు ఊరంతా మా వాకిట్లోనే. చెట్టంతా లేత గోధుమరంగు బెరడు! ఒక్కచోట మాత్రం నల్లగా అరచెయ్యి, అయిదు వేళ్లతో సహా. మామగారు ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని దగ్గరికెళ్లి చూశారు.

"నువ్వు లాగకపోయుంటే, చెట్టంతా నిమిరేవాణ్ణి కదా కోడలా?"

"అవును మామయ్యా."

"మరి ఇంకా గట్టిగా తిట్టలేకపోయావా?"

అందరూ గొల్లుమన్నారు. అప్పట్నించీ ఆయనకు అదొక పట్టింపైపోయింది. పొయ్యి మీద కిడ్నీల కూర ఉడుకుతుంటే, మూత తియ్యడానిక్కూడా వంటింటి గుమ్మంలో ఆగి అడుగుతారు.

"చెయ్యి పెట్టొచ్చా అమ్మా?"

నోట్లో నాలుక లేని మా చ్యూలియెన్ గరిటె ఎత్తి అంటుంది:

"కడుక్కున్నారా?"