పెన్సిల్‌తో రాసిన పేర్లు

నిన్న ఉదయం ఏడుంపావుకు తోటకూర కట్ట విప్పితే మధ్యలో ఒక కలుపు మొక్క కనిపించింది. కాడ తుంచాను. తెల్లని పాలు వేలికి అంటుకుని జిగటగా మిగిలాయి. విమల మేడం పోయి నెల కావస్తోంది.

ఎనభైల చివర్లో, బోధన్‌లో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆమె మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. ఒకప్పుడు ఒక్కో మొక్కకు లాటిన్‌లో వాక్యమంత పొడుగు పేరు ఉండేదట. స్వీడన్‌కు చెందిన ఒక వైద్యుడు దాన్ని రెండు మాటలకు కుదించాడు. మొదటిది ఇంటిపేరు వంటిది, రెండోది మనిషి పేరు వంటిది. ఆ పద్ధతిని మెచ్చుకుంటూనే ఆమె ఏ పేరునూ పూర్తిగా నమ్మేవారు కాదు. ఎండబెట్టిన మొక్కను అంటించిన అట్ట మీద ఊరు, తేదీ సిరాతో రాయించి, పేరు మాత్రం పెన్సిల్‌తో రాయించేవారు. "ఏ ఊర్ల పీకినవో నీకు ఎరుక. పేరు తప్పు గావచ్చు," అనేవారు. "ఇంట్ల సారు పేరు గూడ పెన్సిల్‌తోనే రాసుకున్నదేమో," అని వెనక బెంచీ నవ్వేది.

ఆ ఏడాది చెరకు నరికే రోజుల్లో అమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. వర్ని నుంచి అమ్మకు అక్కయిన పెద్దవ్వ గుప్పెడు ఆకు తెచ్చి నూరడానికి కూర్చుంది. నేను కాలేజీకి రావడం లేదేమని మేడం అప్పుడే ఇంటికి వచ్చారు. రోలు పక్కనున్న మొక్కను చూసి ఆగిపోయారు.

"గిదేందవ్వా?"

"నేల ఉసిరి. మా అవ్వ కాలం నుంచి కామెర్లకు గిదే ఇస్తున్నం."

మేడం కాడ తుంచారు. పాలు కారాయి. "నేల ఉసిరికి పాలు రావవ్వా. గిది వేరే."

"మా ఊర్ల దీని పేరు గదే. చెట్లకు గూడ హాజరు పిలుస్తవా పంతులమ్మా? నీ పుస్తకంల పేరు పెట్టినోడు మా పొలం సూసిండా?"

"సూడలే. అందుకే గాయన పెట్టిన పేరు గూడ పెన్సిల్‌తోనే రాయిస్త. నూరుడు ఆపు, ముందుగాల దవాఖానకు తీస్కపోదాం."

పెద్దవ్వ అలిగి మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. అమ్మను నిజామాబాద్ తీసుకెళ్ళాం, కోలుకుంది. ఆ ఆకు పసరు తాగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలిసినట్టు రాస్తే మేడం ఒప్పుకోరు.

ఎవరు ఏ పేరు చెప్పినా నా చేయి ముందు కాడ మీదికే పోతుంది. మేడం పోయాక ఒకసారి ఆ కాలేజీకి వెళ్ళాను. అట్టల మీద పేర్లు అచ్చు వేసి అంటించారు. ఇప్పుడు ఎవరూ పెన్సిల్‌తో రాయడం లేదు.