లైట్ తీస్కో అన్న మాట

కార్మికుల విచారణ కార్యాలయంలో ఆమెను తెలుగువాళ్లందరూ దుబాసీ అక్క అనేవారు. పనికోసం పరాయి దేశం వచ్చి, భాష రాక నోరు కట్టేసినట్టు నిలబడేవాళ్ల మాటలను అధికారికి ఇంగ్లీషులో చెప్పడం, ఆయన ప్రశ్నలను వాళ్లకు తెలుగులో అడగడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే పని. చేరినరోజు ప్రమాణం చేయించారు: విన్నదే చెప్పాలి, సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు.

ఆ రోజు పొద్దుటి నుంచి అది నాలుగో విచారణ. గొంతు బొంగురుపోయింది. మోకాళ్లు లాగుతున్నాయి. ఎదురుగా రేకుల ఫ్యాక్టరీ కార్మికుడు కుడిచేతి కట్టును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ప్రెస్సు కింద నలిగి రెండు వేళ్లు పోయాయి. బల్లకు అవతల కంపెనీ వకీలు, ఆయన పక్కన కార్మికుడి మేస్త్రీ. మేస్త్రీ కూడా తెలుగువాడే.

చెయ్యి లోపలికి పోకుండా ప్రెస్సుకు అడ్డంగా ఉండే జాలీ ఊడిపోయిందని ముందురోజే మేస్త్రీకి చెప్పానన్నాడు కార్మికుడు. దానికి ఆయనేమన్నాడని అధికారి అడిగాడు.

“లైట్ తీస్కో అన్నాడక్కా.”

అలసిన నాలుక దానంతటదే కదిలింది. లైటు తీసుకొమ్మన్నాడని మక్కీకి మక్కీ ఇంగ్లీషులో అప్పజెప్పింది. అధికారి రాసుకున్నాడు. వకీలు ఒక్కసారిగా నిటారుగా కూర్చుని, ప్రెస్సు పైన వేలాడే దీపం గురించి ప్రశ్న వేశాడు. దాన్ని ఆమె తెలుగులో అడిగింది.

“మిషను మీది దీపం తియ్యబోయి లోపల చెయ్యి పెట్టావా?”

“దీపమేంటక్కా?” అన్నాడతను తెల్లమొహం వేసి.

తను చేసిన పొరపాటు ఆమెకు అప్పుడు తెలిసింది. లైట్ తీస్కో అంటే పట్టించుకోకు అని. ఇంట్లో కూతురు రోజుకు పదిసార్లు అనే మాటే. ఇంగ్లీషు ముక్కే గాని, ఇంగ్లీషువాడికి కొరుకుడుపడని ఇంగ్లీషు.

పెదవి కదపకపోతే ఇంకో గంటలో ఇంటికి పోవచ్చు. ఆమె కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, తప్పు తనదేనని అధికారికి చెప్పింది. వకీలు ఒప్పుకోలేదు. దుబాసీ ఒక పక్షం కొమ్ము కాస్తోందన్నాడు. అధికారి విసుగ్గా కళ్లద్దాలు తీసి, ఆ మాటకు అర్థమేమిటో అన్నవాణ్ణే అడగమన్నాడు.

మేస్త్రీ కట్టు వైపు చూసి తలదించుకున్నాడు. నిజం చెప్పు నాయనా అనాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. అనలేదు. అడగమన్నదే అడిగింది.

“పట్టించుకోకు, పని చూస్కో అని,” అన్నాడతను చివరికి. “అందరం అనేదే కదమ్మా. ఇంతపని అవుతుందనుకోలేదు.”

ఇంతపని అవుతుందనుకోలేదన్న మాటను కూడా వదలకుండా ఆమె ఇంగ్లీషులో చెప్పింది. అధికారి కాగితం మీద లైటు గురించి రాసుకున్న వాక్యం కొట్టేశాడు.

నెలాఖరుకు తీర్పు వచ్చింది. తప్పు కంపెనీదేనన్నారు. ఆమెకూ ఒక ఉత్తరం వచ్చింది: అజాగ్రత్తకు మందలింపు, మూడు నెలలు ఫైళ్ల గదిలో పని. చదివి సంచిలో పెట్టుకుంది. పోనీలే, అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు అనుకుంది.

ఆ సాయంత్రం కార్మికుడు ఫోన్ చేసి, స్టోరురూములో కూర్చుని చేసే పని ఇచ్చారని చెప్పాడు. మంచిది నాయనా అని పెట్టేసింది. ఎవరని భర్త అడిగితే, తర్వాత చెప్తానన్నట్టు చెయ్యి ఊపి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన లేచి టీవీ ఆపేశాడు.