బదరీలో సిలిండరుకు స్నానం

కోసిగి ఉచ్చీరప్ప బదరీనాథ్‌కు ఎన్నిసార్లు పోయాడో ఆయనకే లెక్క లేదు. స్వామిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. నవ్వకండి, యాత్ర బస్సులో వంటవాడి బతుకే అంత. జనం గుడికి పోయిన వేళకే అన్నం ఉడకాలి, వాళ్లు తిరిగొచ్చేసరికి ఆకులు వెయ్యాలి, వాళ్లు తిన్నాక గిన్నెలు కడిగి బస్సెక్కాలి. కాశీ అయినా అంతే, పూరీ అయినా అంతే. కోసిగిలో సగం ఊరు మిరపకాయలు కోయడానికి గుంటూరు దిక్కు పోతే, ఈయన గరిటె పట్టుకుని ఉత్తరాదికి పోయేవాడు.

ఈసారి బస్సు దీపావళి వెళ్లాక ఆదోనిలో బయలుదేరింది. పోయేముందు భార్య ప్రమీల గడపకు అడ్డంగా నిలబడింది.

"ఈ తూరన్నా దేవుని మొగం సూసి రా. మన బోర్లో నీళ్లు పడాలని అడుగు. రెండు తావుల ఏపిస్తే దుమ్మే లేసె. మర్సిపోయి వస్తివా, ఇంట్లోకి రానియ్యను సూడు."

ఆ మాట దారిలో ఎట్లానో రాజేశ్వరమ్మ చెవిన పడింది. ఆవిడ ఆదోని పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య భార్య, బస్సులో అందరికీ పెద్ద దిక్కు. "పొద్దున్నే వంట ముగించు ఉచ్చీరప్పా. మధ్యాహ్నం తలుపులు వేసేలోపల నిన్ను నేనే పిలుచుకపోతా," అంది. ఉచ్చీరప్ప ఆ రోజంతా ఈల వేస్తూ కూరగాయలు తరిగాడు.

బదరీ చేరిన సాయంత్రం, సత్రం వాకిట్లో ఉప్మా చేస్తుంటే మంట కుంగింది. సిలిండరు ఒంటినిండా తెల్లగా మంచు పేరుకుంది. ఆయనేం బెదరలేదు. ఆదోని పెళ్లిళ్లలో పెద్ద పొయ్యి ఆపకుండా మండితే సిలిండరు ఇట్లాగే చల్లబడుతుంది. తడి గోనెసంచి చుట్టి నీళ్లు పోస్తుంటే మంట లేస్తుంది. ఎన్ని పెళ్లిళ్లు ఈ పనితో గట్టెక్కించాడో! ఇక్కడా గోనె తడిపి, చక్కగా చుట్టి, హాయిగా పోయి పడుకున్నాడు.

ఆదోని నీళ్లు వేరు, ఆ కొండమీది నీళ్లు వేరు కదా! తెల్లారి చూస్తే గోనె చెక్కలా బిగుసుకుని సిలిండరుకు అంటుకుపోయింది. పొయ్యి వెలిగిస్తే శనగగింజంత నీలిమంట వచ్చింది, అదీ ఆరిపోయింది. లోపల గ్యాసు నిండుగా ఉంది, బయటికి వస్తే కదా!

డ్రైవర్ అయ్యన్న పాత పేపర్లు తెచ్చి, సిలిండరు కింద మంట పెడదామన్నాడు. ఉచ్చీరప్ప వాటిని గుంజుకున్నాడు.

"నీకు పుణ్యముంటాది! యాత్రకొచ్చినోళ్లను ఏకంగా పైకే పంపిస్తావా ఏందప్పా?"

"పోనీ, పండబెడదామా?"

"పండబెడితే గ్యాసు నీళ్ల మాదిరి పైపులోకి వస్తాది. మంట ఎగదన్ని నీ మీసాలు కాలిపోతాయి. ఊరకుండు."

అని కసిరాడే గానీ, ఏం చెయ్యాలో ఆయనకూ తోచలేదు. వేణ్నీళ్లు పోస్తే సిలిండరు దారికొస్తుంది. ఆ వేణ్నీళ్లు కాచడానికే గ్యాసు లేదు. వంట కాకపోతే దర్శనం మాట అటుంచు, బస్సుబస్సంతా పస్తే. బియ్యం మూట మీదనే కూలబడ్డాడు. ఏడుపొచ్చింది.

అప్పుడే రాజేశ్వరమ్మ గుడి కింద ఉండే గుండంలో స్నానం చేసి వచ్చింది. అంత చలిలో ఆవిడ తడి చీర పొగలు కక్కుతోంది.

"అమ్మా! గుండంలో నీళ్లు అంత కాగింటాయా?"

"భూమిలోనుంచే కాగి వస్తాయి కదప్పా. కాలు పెడితే సుర్రుమంటాది."

ఉచ్చీరప్ప బక్కెట్లు అందుకుని పరుగెత్తాడు. గుండం నిండి కిందికి పారే కాలువలో నీళ్లు ముంచి, అయ్యన్నా తనూ మోసుకొచ్చారు. గోనె కరిగించి ఊడదీశారు. గంగాళంలో సిలిండరును నిలబెట్టి, సగం ఒంటిదాకా నీళ్లు పోశారు, రెగ్యులేటరు తడవనివ్వలేదు. మరిగే నీళ్లు పనికిరావు, మనిషి ఒళ్లు ఓర్చుకునే వేడి చాలు. కాసేపటికి మంట భగ్గున లేచింది.

కానీ ఆ నీళ్లు ఇట్టే చల్లారుతున్నాయి. మార్చడం ఆపితే మంట కుంగుతోంది. పప్పు అయింది, చారు అయింది, అన్నం మిగిలింది. ఎండ నడినెత్తికి వస్తోంది.

"లెయ్యి," అంది రాజేశ్వరమ్మ. "మీరు నీళ్లు మోస్తుండంగానే నా దర్శనం అయిపోయింది. అన్నం నేను చూస్తా. నీళ్లు అయ్యన్న మారుస్తాడు."

"పొయ్యి కాడ మీరా అమ్మా?"

"నేనేమన్నా పుట్టినప్పటినుంచి గల్లాపెట్టె మీద కూర్చున్నాననుకున్నావా? పో!"

ఉచ్చీరప్ప పోయాడు. జనంలో నలిగి, నెట్టుకుని, ఎట్టకేలకు స్వామి ఎదుట పడ్డాడు. లోపల చిన్న దీపం రెపరెపలాడుతోంది. అది చూడగానే ఆయన ప్రాణం గంగాళం దగ్గరికి పోయింది. చేతులు జోడిస్తే నోట్లోనుంచి వచ్చిన మాట ఇదొక్కటే.

"సామీ, మంట ఆరిపోకుండా సూడు."

వెనకనుంచి నెట్టేశారు. మెట్లు దిగాక బోరు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగేసరికి తలుపులు వేసేశారు.

కోసిగిలో బస్సు దిగి ఇంటికి పోగానే ప్రమీల గడపకు అడ్డంగా నిలబడి అడిగింది. "అడిగితివా?"

అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. జరిగిందంతా చెప్పి తల దించుకున్నాడు. ఆమె నోరు వెళ్లబెట్టి చూసింది.

"అంత దూరం పోయి, ఆ సామిని అడిగింది గ్యాసా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇంతకూ అన్నమన్నా ఉడికిందా?"

"ఉడికింది. మెత్తగా."

ప్రమీల గడపకు అడ్డం తప్పుకుంది.

"అయితే ఆయప్పకు మన మాట ఇనపడతాది. వచ్చే ఏడు పోయి బోరు సంగతి సెప్పు. రా, కాళ్లు కడుక్కో."