కంప్రెసర్ పట్టిన గొంతు

దయ్యాల కథ ఎవరైనా ఎత్తుకుంటే "ముందు ఫ్యూజు చూసుకో" అని నోరు మూయించే మనిషిని నేను. ఇప్పటికీ ఆ బుద్ధి పోలేదు. అయినా ఎనభైల్లో ఒక వరద నెలలో జరిగిన ఈ ఒక్కటి మాత్రం నాకు ఎటూ తేలడం లేదు.

నాది పాల్వంచ పవర్ హౌస్‌లో ఉద్యోగం, కంపెనీ క్వార్టర్. ఇంట్లోనే వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని దూరపు మనుషులతో మాట్లాడే హామ్ రేడియో నా పిచ్చి. మైకుకు స్పీచ్ కంప్రెసర్ నేనే చేసుకున్నాను. మెల్లగా పలికిన మాటను అది పైకెత్తి గట్టి మాటతో సమానం చేస్తుంది. గొంతు దూరానికి బాగా అందుతుంది. చిక్కేమిటంటే, మనం మాట ఆపగానే గదిలోని ఫ్యాను హోరునీ గిన్నెల చప్పుడునీ కూడా ఎత్తి పంపుతుంది. నా భార్య సుగుణ వంటింట్లోంచి "చాయ్ సల్లారిపోతుంది" అన్నా భద్రాచలంలో రహీం భాయ్‌కి వినబడేది. ఆయన రేడియో మెకానిక్. సుగుణను వదిన వరస కలిపి భాభీ అనేవాడు.

ఆమె పోయాక సెట్టు ముట్టుకోలేదు. ఆ కబురు రహీం భాయ్‌కి చెప్పడానికి నోరు రాలేదు.

ఏడాదికి గోదావరి పొంగింది. రోడ్లు తెగాయి, ఫోన్లు పోయాయి. మా అమ్మాయి పినపాక దగ్గర అత్తగారింట్లో పచ్చి బాలింత. ప్రాణం ఆగక సెట్టు పెట్టాను. మా అమ్మాయిని చేర్చిన వరద శిబిరంలో, సెట్టుతో సాయానికి వెళ్లిన రహీం భాయే దొరికాడు.

"నీ బిడ్డకు జ్వరం మస్తుగుంది, సోయి లేదు. రక్తం గ్రూపేందో డాక్టర్ సాబ్ అడుగుతుండు. జల్దీ చెప్పు!"

చెప్పాను. గొంతు ముద్దగా వస్తోంది, సమజైతలేదన్నాడు. కంగారులో కంప్రెసర్‌ను చివరిదాకా తిప్పాను. ఎక్కువ తిప్పితే మాట ఇంకా ముద్దవుతుంది. తెలిసీ హామ్‌లందరం చేసే తప్పే అది. ఆగి ఆగి మళ్లీ అరిచాను.

"అవ్, బి నెగెటివ్. పెన్సిలిన్ పడదన్నది గూడ రాసుకున్న. డాక్టర్ సాబ్ ఆ సూది పక్కన పెట్టిండు."

"నేనెప్పుడు చెప్పిన?"

"నువ్వు గాదు, ఎనక నుంచి భాభీ చెప్పింది గద! నీకంటె ఆమె మాటే సాఫ్‌గ వచ్చింది. భాభీకి సలాం చెప్పు."

చిన్నప్పుడు ఆ సూదికి పిల్ల ఒళ్లంతా ఉబ్బిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. పిల్లను ఎత్తుకుని దవాఖానాకు పరుగెత్తింది సుగుణే. కన్నతండ్రిని, నేను మరిచేపోయాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

మిట్టమధ్యాహ్నం. తలుపుకు లోపలి గడియ పెట్టే ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే.

పిల్ల బతికింది. తర్వాత ఆ కంప్రెసర్‌ను విప్పి ఎన్నిసార్లు పరీక్షించానో! ఉన్న చప్పుడును ఎత్తడమే దాని పని. లేని గొంతును ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు.

ఆ రోజు మాత్రం రహీం భాయ్‌కి నిజం చెప్పలేక "చెప్త" అన్నాను. సెట్టు ఆపేసి వంటింటి వైపు తిరిగాను.

"రహీం భాయ్ నీకు సలాం చెప్పమన్నడు, సుగుణా" అన్నాను.